ఎర్తు లేని గిటారు

దసరా దగ్గర పడితే తిరువూరులో అక్రమ్‌కి కూర్చునే తీరిక ఉండదు. మైకు సెట్లు అద్దెకిస్తాడు. పందిళ్లు, మీటింగులు, ఆ వెనకే కార్తీకం పెళ్లిళ్లు. ఈ ఏడు వాటి మధ్య బాలశౌరి కచేరీలు వచ్చాయి.

బాలశౌరిది బెజవాడ. రాక్ పాటలు తనే రాసి, తనే గిటారు పట్టి పాడతాడు. డెబ్బై దాటాయి. కాలేజీ రోజుల్లో అక్రమ్ ఆయన క్యాసెట్టు అరిగిపోయేదాకా విన్నాడు. ఇప్పుడు ఆయన చుట్టుపక్కల ఊళ్లలో పాడుతుంటే సౌండు తనే పెడుతున్నాడు.

"ఆ తాత కోసం రెండు పెళ్లిళ్లు వదిలేశారు," అంది భార్య మెహనాజ్. "మన పెళ్లికి కూడా మీరింత తొందరపడలేదు."

అతను నవ్వాడు. భయం సంగతి ఆమెకి చెప్పలేదు.

అది విస్సన్నపేటలో మొదలైంది. బాలశౌరి యాంప్లిఫయరు ఆయన గిటారంత పాతది. దాని ప్లగ్గుకి మూడో పిన్ను, ఎర్తుది, లేదు. గుర్రుమనే చప్పుడు పోతుందని ఎప్పుడో ఆయనే విరగ్గొట్టాడు. అక్రమ్ గిటారు తీగకి టెస్టరు ఆనించాడు. వెలిగింది.

"సార్, తీగల్లోకి కరెంటు వస్తోందండి. పెదవి మైకుకి తగిలితే మీ ఒంట్లోంచే పోతుంది. ప్లగ్గు మార్చనివ్వండి."

"ఎప్పటినుంచో వస్తోందయ్యా. చిన్నగా కొరుకుతుంది. మా ఆవిడ కన్నా నయం." ముసలాయన యాంప్లిఫయరు మీద చెయ్యి వేశాడు. "ఈ పెట్టెని ముట్టుకోకు. దీని గొంతు మారితే నా గొంతు పలకదు."

చెప్పులు విప్పి స్టేజీ ఎక్కాడు. పాటకి ముందు విప్పడం ఆయన అలవాటు. అక్రమ్ పరిచిన రబ్బరు పట్టాని కాలితో పక్కకి నెట్టేశాడు.

బాగా పాడాడు. అక్రమ్‌కి కళ్లు మూసుకుని వినాలనిపించింది. మూసుకోలేదు. పెదవులకీ మైకుకీ మధ్య సందునే చూస్తూ ఉండిపోయాడు.

ఎ.కొండూరులో మైకుకి స్పాంజి తొడిగాడు. రెండో పాటకి ఆయన దాన్ని పీకి జేబులో పెట్టుకున్నాడు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోయేకొద్దీ అక్రమ్‌కి భయం పెరిగింది.

తిరువూరులో కచేరీ నాడు మధ్యాహ్నం వాన పడింది. సాయంత్రానికి వెలిసింది గానీ స్టేజీ బల్లలు నీళ్లు పీల్చుకున్నాయి. కింద ఇనప చట్రం.

"ఇవాళ చెప్పులన్నా ఉంచుకోండి సార్. మీ కాళ్లు పట్టుకుంటాను."

"మీ ఊరికి పిలిచి నన్ను పిరికివాణ్ణి చేస్తావా?"

భుజం తట్టి వెళ్లాడు. చెప్పులు మెట్ల దగ్గరే ఉండిపోయాయి.

అక్రమ్ మిక్సరు ముందు తమ్ముడు షంషేర్‌ని కూర్చోబెట్టాడు. తను స్టేజీ పక్కన మెయిన్ స్విచ్చు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

అక్రమ్‌కి అన్నిటికన్నా ఇష్టమైన పాట మొదలైంది. రైల్వే గేటు పడితే ఇవతలే బతుకంతా గడిపేసినవాడి పాట. దాని చివర బాలశౌరి విల్లులా వెనక్కి వంగుతాడు. ఇవాళ మొదటి చరణంలోనే వంగాడు. జనం ఈలలు వేశారు. ఆయన నోట్లోంచి మాట రావడం లేదు.

అక్రమ్ స్విచ్చు కిందికి లాగేశాడు.

చీకటి. "అక్రమన్నా, బిల్లు కట్టలేదా ఏంటి?" ఎవరో అరిచారు. నవ్వులు. తర్వాత సెల్‌ఫోను లైట్లు.

బాలశౌరి బల్లల మీద కూలబడి ఉన్నాడు. ఎడమచేతి వేళ్లు గిటారు మెడకి బిగుసుకుపోయాయి. అక్రమ్ ఒక్కొక్కటే విడదీశాడు.

"వదలలేకపోయానయ్యా," అన్నాడు ముసలాయన. "వదులుదామనుకున్నాను. చెయ్యి రాలేదు."

షంషేర్ 108కి ఫోన్ చేశాడు. నవ్వులు ఆగిపోయాయి.

"పడుకోండి సార్."

"అది వచ్చేలోగా పాట పూర్తి చేస్తాను."

మైకు లేదు, గిటారు లేదు. కూర్చునే, సన్నగా, మిగిలిన చరణాలు ఎత్తుకున్నాడు. వెనక ఉన్నవాళ్లు వినడానికి ముందుకి జరిగారు.

అంత దగ్గరగా కూర్చుని కూడా అక్రమ్ ఆ పాట వినలేదు. ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నాడు. కొడుతోంది. ఒకటి తప్పుతోంది. మళ్లీ కొడుతోంది.

పాట అయిపోయింది. చప్పట్లు మోగాయి. అక్రమ్ వేళ్లు తీయలేదు.