తాతయ్య టేపు అబద్ధమాడదు

తాతయ్య ఎవరినీ ఊరికే నమ్మడు. వాన పడదని రేడియో చెప్పినా, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి చూశాకే గడప దాటుతాడు. డాక్టరు "అంతా బాగుంది" అంటే మెట్లు దిగుతూ, "ఏదో దాస్తున్నాడు," అంటాడు. రేడియోలూ టేప్ రికార్డర్లూ యాంప్లిఫయర్లూ విప్పి బాగుచేయడంలోనే ఆయనకు నలభై ఐదేళ్ళు గడిచాయి. పైన డబ్బా ఎంత మెరుస్తున్నా లోపల ఎక్కడో ఒక వైరు ఊడే ఉంటుందన్నది ఆ పని నేర్పిన పాఠం. మనుషుల్నీ అదే చూపు చూస్తాడు. చేతిలో స్క్రూడ్రైవరు ఉండదంతే.

ఆయన పూర్తిగా నమ్మేది లోకంలో ఒక్కదాన్నే. అది అమ్మమ్మ కాదు, ఆ సంగతి అమ్మమ్మకూ తెలుసు. మెట్ల కింది షాపులో, పనిబల్ల మీద కుడిచేతి వైపు కూర్చునే తన పాత టేప్ రికార్డరు. ఇరవై ఏళ్ళ వయసులో కొనుక్కున్నది. మూత విరిగింది, బొత్తాల మీద అక్షరాలు అరిగిపోయాయి. అయినా పొద్దున్నే దూదిని స్పిరిట్‌లో ముంచి దాని హెడ్డు తుడిచాకే ఈయన తన ముఖం కడుక్కుంటాడని అమ్మమ్మ ఆరోపణ.

అందులో తిరిగేవన్నీ ఆయన కుర్రతనం నాటి రాక్ పాటలు, పాప్ పాటలు. షాపులో ముందు సగం మనవరాలిది. చదువు మధ్యలో వదిలేసి, ఫోన్ల అద్దాలు మార్చే పని పట్టుకున్న పిల్ల. ఆమె బల్ల మీద ఈ వారం మొదటి పది పాటలు మోగుతుంటాయి. మధ్యలో గోడ లేదు కాబట్టి రోజూ యుద్ధమే.

"పది పాటలేంటే? ఒకటే పాట. చొక్కా మార్చుకుని పదిసార్లొచ్చింది."

"కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు తాతయ్యా."

"ఆ మాట అన్నవాడు ఈ పాటలు వినలేదు. ఆ గొంతులు చూడు, పిల్లి తోక తొక్కినట్టు. బస్సు వెళ్ళిపోతున్నట్టు ఆ తొందరేంటి? మావాళ్ళు ఛాతీలోంచి పాడేవాళ్ళు. నిదానంగా, నిండుగా. ఇదిగో, విను."

టేపు తిరిగేది. నిజం చెప్పాలంటే, ఆ మిషన్లో పాట నిదానంగా, నిండుగానే ఉండేది. మనవరాలు కూడా ఒక్కోసారి స్క్రూ బిగిస్తూ చెయ్యి ఆపి వినేది. ఆ సంగతి ఆయనకు మాత్రం చెప్పేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం అమ్మమ్మ కొత్త కళ్ళద్దాలతో షాపులోకి వచ్చి, మడిచిన చీటీ ఒకటి బల్ల మీద పెట్టింది. అందులో నాలుగే ముక్కలు: "ఒరేయ్, పాత పాటల సాయంత్రం పెడుతున్నారట. హాలువాళ్ళు మనల్ని అడిగారు. పడవ పాట పాడదామా? గిటారు నేను తెస్తా. తీగ."

తాతయ్య చీటీని తిరగేసి చూశాడు. వెలుగుకెత్తి చూశాడు.

"దీని వెనకాల ఏముంది?"

"కాగితం వెనకాల కాగితమే ఉంటుందండీ."

"అది సరే, వాడి షాపుకి నువ్వెందుకు వెళ్ళావు?"

"నాకు కళ్ళు కనబడాలి కదా! మీలాగా పంతం పెట్టుకుని చూడలేను."

తీగ అంటే తాతయ్య పాత బృందంలో గిటారు వాయించినవాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడని ఆ పేరు. ఇప్పుడు రెండు వీధుల అవతల కళ్ళద్దాల షాపు నడుపుతున్నాడు. ఆ రోజుల్లో నలుగురు కుర్రాళ్ళు కలిసి ఒక రాక్ బృందం కట్టారు. తాతయ్య పాడేవాడు. ఆయన టేప్ రికార్డర్‌లో పాట పెట్టుకుని, దానికి శ్రుతి కలుపుకుని సాధన చేసేవాళ్ళు. వాళ్ళ పెద్ద పాట పడవ పాట. అందులో ఒడ్డున నిలబడ్డవాడు వెళ్ళిపోతున్న పడవను "ఓ" అని పిలుస్తాడు. ఆ పిలుపు పైకి, ఇంకా పైకి వెళ్ళి అక్కడే నిలబడుతుంది. సాధనలో తాతయ్య దాన్ని ఎన్నడూ తప్పలేదు.

నలభై రెండేళ్ళ క్రితం అదే హాల్లో పోటీ జరిగింది. అక్కడ పియానో ఉంది, వాయించడానికి హాలు తాలూకు మనిషి ఉన్నాడు. తీగ తన గిటారును ఆ పియానోకి కలుపుకున్నాడు. పాట మొదలైంది. పడవను పిలిచే చోటికి వచ్చేసరికి, రోజూ అందే కొమ్మ ఆ రోజు అందలేదు. తాతయ్య గొంతు చీలి, నడిమికి విరిగి, చివరికి మేకపిల్ల అరుపై బయటపడింది. హాలంతా నవ్వింది.

వేదిక వెనక తాతయ్య అన్నాడు, "గిటారు కావాలని పైకి బిగించావు. నువ్వే పాడాలని నీకు మొదటినుంచీ ఉంది."

"పియానోకి కలిపానురా. నీ టేపే కిందికుంది."

"టేపు అబద్ధమాడదు!"

అదే ఆఖరి మాట. బృందం విడిపోయింది. ఆ తరవాత తాతయ్య ఆ వీధిలో అడుగు పెట్టలేదు. కళ్ళద్దాల కోసం రెండు బస్సులు మారి వెళ్ళేవాడు.

ఇప్పుడీ చీటీ. తాతయ్యకు అరవై ఆరు. మెట్లెక్కితే గొంతులో గాలి మిగలడం లేదు. చచ్చేలోగా ఒక్కసారి ఆ పాట వేదిక మీద సరిగ్గా పాడాలన్నది ఆయన లోపల్లోపల దాచుకున్న కోరిక. గిటారు మీద ఆ పాట వచ్చినవాడు మిగిలింది తీగ ఒక్కడే. వెళితే మళ్ళీ నవ్వులపాలు చేస్తాడేమో. వెళ్ళకపోతే పాట గొంతులోనే పోతుంది.

మర్నాడు మనవరాలు ఫోను చేతికిచ్చింది. "పడవ పాట ఇందులో ఉంది తాతయ్యా. సాధన చేసుకో."

తాతయ్య పది సెకన్లు విన్నాడు. "ఎవడు వీడు?"

"మీవాడే."

"మావాడు కాదు. మావాడి తమ్ముడెవడో. వేగం పెంచారు, గొంతు సన్నమైపోయింది."

"ఎందుకు పెంచుతారు?"

"ఇప్పటి పాటల పక్కన నిలబెట్టాలిగా! ముసలాడి జుట్టుకి రంగేసినట్టు."

సాయంత్రం రేడియోలో పాత పాటల గంటలో అదే పాట వచ్చింది. అదీ వేగంగానే ఉంది. తాతయ్య కళ్ళు చికిలించాడు. ఫోను కంపెనీ, రేడియోవాడు కుమ్మక్కయ్యారు. తీగ కూడా ఈ వేగం పాటనే నేర్చుకుని ఉంటాడు, అందుకే ఇంత ధైర్యంగా చీటీ పంపాడు. అన్నీ ఒకదానికొకటి అతుకుతున్నాయి.

"పాపం, ప్రపంచంలో ఉన్న కంపెనీలన్నీ మీ గొంతు విరగ్గొట్టే పని మీదే ఉన్నాయి," అంది అమ్మమ్మ. "ఆడలేక మద్దెల ఓడు అన్నారట."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. రుజువు చేసి చూపిస్తానని తాతయ్య లేచాడు. దారి మనవరాలే చూపించింది. క్యాసెట్టు డబ్బాలోని కాగితం మీద ప్రతి పాట నిడివీ అచ్చువేసి ఉంది. పడవ పాట మూడు నిమిషాల నలభై సెకన్లు. ఫోను గడియారం ఆయన నమ్మడు కాబట్టి, చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టి టేపు నొక్కాడు.

మూడు నిమిషాల యాభై మూడు సెకన్లు.

"అచ్చుతప్పు," అన్నాడు.

తరవాతి పాట రెండు నిమిషాల యాభై అని ఉంది. సరిగ్గా మూడు నిమిషాలు పట్టింది.

"ఇదీ అచ్చుతప్పేనా తాతయ్యా?"

ఆయన మూడోది పెట్టాడు. అలా ఆరు పాటలు. ఆరింటిలోనూ నిడివి పెరిగిందే కానీ ఒక్కదాంట్లోనూ తరగలేదు. తప్పులన్నీ ఒకే వైపు పోతుంటే మూలం ఒక్కటే ఉంటుందని ఎందరో కస్టమర్లకు చెప్పిన మనిషి ఆయన. ఆ మాట ఇప్పుడు ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"నువ్వు దీన్ని ముట్టుకున్నావా?"

"ముట్టుకుంటే చెయ్యి విరిచేస్తానన్నావుగా!"

తాతయ్య షట్టరు సగం దించి, టేప్ రికార్డరు వెనక మూత విప్పాడు. మోటారు వెనకాల చిన్న రంధ్రంలో ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని వెంట్రుకవాసి తిప్పితే చాలు, టేపు వేగం, దాంతోపాటు పాట శ్రుతీ మారిపోతాయి. ఎవరూ కదపకుండా ఫ్యాక్టరీలో దాని మీద తెల్లరంగు చుక్క వేసి పంపుతారు. ఈ స్క్రూ మీద చుక్క ఉంది కానీ తెల్లగా లేదు. ఎండిపోయిన గులాబీరంగు. ఆడపిల్లల గోళ్ళరంగు.

తాతయ్య చాలాసేపు దాన్నే చూశాడు. తన అక్క గది, అక్క గది నేల, కొత్త టేప్ రికార్డరు, అన్నీ ఒక్కొక్కటే వచ్చి ముందు నిలబడ్డాయి. పడవ పాట ఎంత అరిచినా అందలేదు. అప్పుడు ఇరవయ్యేళ్ళ కుర్రాడు మూత విప్పి, స్క్రూ కొంచెం తిప్పాడు. పాట కొంచెం దిగింది. ఇంకొంచెం తిప్పాడు. అందింది! కదలకుండా ఉండాలని అక్క గోళ్ళరంగు సీసాలోంచి ఒక చుక్క వేశాడు. సీసా దొంగిలించినందుకు అక్క చెంప పగలగొట్టింది. చెంపదెబ్బ ఇప్పటికీ గుర్తుంది. స్క్రూ సంగతి మాత్రం వారం తిరక్కుండానే మరిచిపోయాడు. అంత సులువుగా ఎలా మరిచిపోయాడు? నిజంగా మరిచిపోయాడా? అనుమానాల్లోనే తల నెరిసిన మనిషి తనను తాను అనుమానించడం అదే మొదటిసారి.

"తాతయ్యా," అంది మనవరాలు మెల్లగా, "షాపుకి వచ్చిన టేప్ రికార్డర్లకి స్పీడు దేన్ని చూసి పెట్టేవాడివి?"

తాతయ్య చూపు బల్ల మీది తన టేప్ రికార్డరు వైపు పోయింది.

"అన్నీనా? దీన్ని చూసేనా?"

"ఒకాయన వచ్చి పాట జారుతోందన్నాడు. చెవులు చూపించుకోమన్నాను."

మనవరాలు నేల మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వింది. ఆయన చేతి మీదుగా వెళ్ళిన టేప్ రికార్డర్లన్నీ, అంటే చుట్టుపక్కల వీధులన్నీ, నలభై ఐదేళ్ళుగా శ్రుతిలో అర మెట్టు కిందికి దిగి బతికాయన్నమాట. కళ్ళు తుడుచుకున్నాక ఆ పిల్ల ఇంకో సంగతి చెప్పింది. ఇప్పుడు కుర్రవాళ్ళు పాటల్ని కావాలనే నెమ్మది చేసి వింటున్నారట. అలా నెమ్మది చేసినవాటికి లక్షలమంది వినేవాళ్ళున్నారట.

తాతయ్య తలెత్తాడు. "ఎవడు చెప్పాడు వాళ్ళకి? నా షాపులోంచే బయటికి పోయుంటుంది."

"ఎవరో మొదలెట్టారులే. పాట నిండుగా ఉంటుందని."

"నేను చెప్పలా?" అన్నాడాయన. కానీ ఆ గొంతులో ఎప్పటి బలం లేదు.

ఆ పూటే ఆయన రెండు వీధులు దాటాడు. కళ్ళద్దాల షాపులో గోడ నిండా ఖాళీ ఫ్రేములు, అన్నీ ఆయన్నే చూస్తున్నట్టున్నాయి. గల్లా వెనక కూర్చున్న మనిషి ఇప్పుడు తీగలా లేడు, దూలంలా ఉన్నాడు. ఒక ముసలావిడ అద్దం ముందు కళ్ళద్దాలు పెట్టుకుని చూసుకుంటోంది.

తాతయ్య కూర్చోలేదు. నిలబడే చెప్పేశాడు. "మోటారు స్క్రూ నేనే తిప్పాను. ఇరవయ్యేళ్ళప్పుడు. పైది అందక."

తీగ గుడ్డతో అద్దం తుడుస్తూనే ఉన్నాడు. "అర మెట్టు," అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"మా ఇంట్లో రికార్డుండేదిరా. అసలు పాట విన్న చెవులు కదా. సాధనకొచ్చే ముందు రోజూ గిటారు దించుకుని వచ్చేవాణ్ణి. ఇంటికెళ్ళి మళ్ళీ బిగించుకునేవాణ్ణి. తీగలు ఎన్ని తెగాయో!"

"చెప్పొచ్చుగా?"

"చెబితే పాడటం మానేసేవాడివి. పోటీ రోజు పియానోని దించడం నావల్ల కాలేదు. చెప్పబోతే నువ్వు అద్దం ముందు జుట్టు దువ్వుకుంటున్నావు. ఆ ముఖం చూసి చెప్పలేకపోయాను."

తాతయ్య ఆ మాటను అటు తిప్పీ ఇటు తిప్పీ చూసుకున్నాడు. మరీ తియ్యగా ఉంది. తియ్యగా ఉన్నదాన్ని ఆయన మింగడు.

"ఒక్కటడుగుతాను, నిజం చెప్పు. మేకలా అరిచినప్పుడు నువ్వు నవ్వావా లేదా?"

తీగ గుడ్డ పక్కన పెట్టాడు. "నవ్వాను. ఆపుకుందామనే చూశాను. కుదరలేదు."

అప్పుడు తాతయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"హాల్లో పియానో ఉందా ఇంకా?"

"పోయిందట. ముందే కనుక్కున్నా."

గిటారు గల్లా వెనకే, చేతికందేంత దూరంలో ఉంది. తాతయ్య దాని వంక ఓరగా చూసి, "నాకోసం ఏమీ తగ్గించకు," అన్నాడు. "రికార్డులో ఎలా ఉంటే అలాగే వాయించు."

తీగ వాయించాడు. తాతయ్య కళ్ళు మూసుకుని పాడుతూ పాడుతూ ఒడ్డు దాకా వచ్చి, పడవను పిలిచాడు. గొంతు విరిగింది. అద్దం ముందున్న ముసలావిడ ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది.

"దించనా?" అన్నాడు తీగ.

"అక్కర్లేదు. ఇంకోసారి."

ఈసారి మరీ ముందే విరిగింది. ముసలావిడ కొత్త కళ్ళద్దాల్లోంచి ఆయన్ని జాలిగా చూసింది. వీధి వైపు తలుపు తెరిచే ఉందేమోనని తాతయ్య ఒకసారి చూసుకున్నాడు. తెరిచే ఉంది. లేచి వెళ్ళి మూసి వచ్చాడు.

"దించరా," అన్నాడు. "అర మెట్టు చాలదు. ఇప్పుడు వయసు మీద పడింది కదా. ఇంకా దించు."

తీగ గిటారు తీగలు ఒక్కొక్కటే వదులు చేయడం మొదలుపెట్టాడు. తాతయ్య ముందుకు వంగి, తీగలు బిగించే ప్రతి మరనూ అనుమానంగా చూస్తూ, చిన్నగా గొంతు సవరించుకున్నాడు.