చేతులు కిందికి

నా బిడ్డకు పుట్టుకతోనే చెవులు వినపడవు. చిన్నప్పుడే ఆపరేషన్ చేయించి మిషన్ పెట్టించాను. సైగలు అలవాటైతే మాటలు రావని ఎవరో అంటే, దాన్ని ఇంట్లో చట్టం చేశాను. ఆమె చెయ్యి లేపితే చాలు, "చేతులు కిందికి. నోటితోని చెప్పు" అనేవాణ్ణి. మాటలు వచ్చాయి. ఆ గొప్ప ఊరంతా చెప్పుకున్నాను. కాలేజీలో ఆమె వినపడని స్నేహితుల దగ్గర సైగలు నేర్చుకుని, వంటింట్లో తల్లికీ నేర్పింది. నాకు మాత్రం చెప్పలేదు.

మొన్న పెద్దపల్లిలో మా తమ్ముడి కొడుకు పెళ్లి బరాత్. డీజే మోతకు ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు. బిడ్డ చెవి మీద పెట్టుకునే మిషన్ ముక్క తీసి పర్సులో వేసుకుంది. రోడ్డు అవతలున్న తల్లితో చేతులతో ముచ్చట పెడుతూ నవ్వుతోంది. అంతమందిలో మాట్లాడుకోగలిగింది వాళ్లిద్దరే. నా గురించేనేమోనని అనుమానం వచ్చింది. అరిచి అరిచి గొంతు పోయాక, అవతలున్న తల్లిని చూపించి, మీ అవ్వ ఏమంటుందని నేనూ చేతులు తిప్పాను.

బిడ్డ నా చేతులు పట్టి కిందికి దించింది.

"చేతులు కిందికి బాపూ. నోటితోని చెప్పు."

వినపడలేదు. కానీ ఆమె పెదవుల మీద ఆ మాటను గుర్తుపట్టాను. అది నాదే కదా.

తర్వాత నవ్వి, నా వేళ్లు ఒక్కొక్కటే సరిచేసి, ఎట్లా అడగాలో చూపించింది. అడిగాను. అవతల నుంచి మా ఆవిడ జవాబు చెప్పింది. నాకు అర్థం కాలేదు.