ఎడం పక్క జాగా

మా మేనమావ పోయాడన్న కబురు బరంపురానికి ఎండుచేపల గంపతో పాటు వచ్చింది. బడా బజార్‌లో నేను గుమస్తాగా ఉన్న బట్టల కొట్టు ముందు మా ఊరి పిన్నమ్మ ఒకావిడ గంప దించి, ఎప్పటిలాగే గుమ్మానికి దూరంగా నిలబడింది. వాసనకు సావుకారు ముఖం చిట్లిస్తాడని మా ఊరి ఆడవాళ్ళు లోపలికి రారు. నేనే బయటికి వెళ్ళాను.

"నిన్న మాపిటేల మీ మావ ఎల్లిపోనాడు బాబూ. మూడ్రోజుల జొరం. నీ గురించే అడిగినాడట" అంది.

ఏమని అడిగాడో నేను అడగలేదు. అడగడానికి భయమేసింది. ఆ భయం ఎందుకో చెప్పుకుందామనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. మావ గొప్పవాడని మీతో అనిపించుకోవడానికి కాదు. ఆయన వింటే నవ్వుతాడు.

మావ మా అమ్మకు తమ్ముడు. రామయ్యపట్నంలో పెద్దవలకు తాడుపెద్ద. పడవ వెళ్ళి సముద్రంలో వలను చుట్టూ దింపి వస్తే, దాని రెండు తాళ్ళనూ ఒడ్డున ముప్పై మంది పట్టుకుని లాగుతారు. ఒక తాడుకు అందరికంటే ముందు నిలబడి పదం చెప్పేవాడు మావ. మనిషి బక్కపలచన, గొంతు మాత్రం అల మీదుగా అవతలికి వినబడేది. తెల్లవారి మంచులో మనుషులు కనబడేవారు కాదు. ఆ గొంతూ, తడి తాడు ఇసక మీద రాసుకునే చప్పుడూ, అంతే. ఇప్పుడు కూడా కొట్లో మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు కళ్ళు మూసుకుంటే, తానుల మధ్య నుంచి ఆ చప్పుడు వస్తుంది. ఎవరైనా పిలిస్తే ఒక క్షణం నేనెక్కడున్నానో తెలియదు.

మమ్మల్ని మద్రాసు నుంచి తీసి కొత్త ఒరిస్సాలో కలిపిన ఏడాదే బరంపురంలో బంతాటకు, అదే ఫుట్‌బాలుకు, షీల్డు పోటీ పెట్టారు. ఊళ్ళో అందరూ ఇక మన గతి ఏమిటని కంగారు పడుతుంటే, మావ "గీత కాయితం మీద మారింది. సముద్రం మీద మారనేదు కదా" అని చేపలు వేసుకుని బరంపురం వెళ్ళాడు. అక్కడ ఆట చూశాడు. చేపల సంగతి మరిచాడు. వచ్చేటప్పుడు తోలుబంతి ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. అత్త వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ బంతికి సొరచేప నూనె రాసేవాడు, తోలు పగలకుండా. ఆ కంపుకు ఎదుటి జట్టువాళ్ళు దాన్ని తలతో కొట్టడానికి వెనకాడేవారు. మావ అది ఎత్తుగడ అని ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఆటలో ఆయన మనసు పడ్డది ఒక్క నియమం మీద. మా ఒడ్డున ఒక కట్టుబాటు ఉంది. వల లాగడానికి మంచి చోటు ఒక్కటే. నిన్న ఏ వల ఉత్తిగా వచ్చిందో ఇవాళ దానికే ముందు వంతు, నిండిన వల వెనక ఆగాలి. బంతాటలో గోలు తిన్న జట్టే మళ్ళీ మధ్యలో బంతి పెట్టి ముందుగా తన్నాలని తెలిసిన రోజు మావ నన్ను ఇసకలో కూర్చోబెట్టి చెప్పాడు.

"సూసినావేట్రా, ఉత్త వలకి ముందొంతు. ఈ ఆట కనిపెట్టినోడు తప్పకండా సేపలోడే."

సాయంత్రాలు అలలు వెనక్కి తగ్గాక గట్టిపడ్డ ఇసక మీద మా చేత ఆడించేవాడు. గోలుకు రెండు తెడ్లు. నేను ఎడం పక్క. నా కుడికాలు ఎందుకూ పనికిరాదు, ఎడంకాలికి మాత్రం కళ్ళున్నాయనేవాడు మావ. నీటి అంచు వెంట పరిగెడుతుంటే కాళ్ళ కింద ఆకాశం మెరిసేది. ఎక్కడ తంతున్నామో, ఎక్కడ ఈదుతున్నామో తెలిసేది కాదు. అంత సుఖం మళ్ళీ ఎక్కడా పడలేదు.

రెండో ఏడు షీల్డు పోటీల్లో మేం మూడు ఆటలు గెలిచాం. అక్కడితో మా కష్టాలు మొదలయ్యాయి. బడా బజార్ బట్టల సావుకార్లు కలిసి ఒక జట్టు నడిపేవారు. బూట్లూ, ఒకే రంగు చొక్కాలూ, ఆట రోజున పాలూ గుడ్లూ. రంభ నుంచి, మా ఊరి నుంచి, ఎక్కడెక్కడి పల్లెల నుంచో జట్లు వచ్చేవి. ఏ పల్లెలో ఎవడు బాగా ఆడాడో చూసి, పోటీలు కాగానే వాడికి కొట్లో పని ఇచ్చి తెచ్చుకునేవారు. మరుసటేడు వాడు మా మీదే ఆడేవాడు. షీల్డు ఏటా బడా బజార్‌దే. సావుకారును తిట్టడానికి నాకు నోరు రాదు. "నేనెవణ్ణి చెయ్యి పట్టి లాక్కొచ్చాను?" అంటాడు ఆయన. అదీ నిజమే. ఎండుచేపల కూడు తినేవాడికి నెలజీతం చూపిస్తే చెయ్యి పట్టి లాగక్కర్లేదు.

"విత్తు మనది, కోత ఆళ్ళది" అని మావ ఒకసారి అన్నాడు. కోపంగా కాదు, ఇవాళ గాలి తూరుపు అన్నట్టు.

తర్వాత నాచేత అర్జీ రాయించాడు. కిందటేడు ఓడిపోయిన ఊరు ఈ ఏడు ముందుగా ఆటగాణ్ణి ఎంచుకోవాలి, గెలిచినవాళ్ళు ఆఖర్న ఎంచుకోవాలి. ఇదీ అర్జీ. దాన్ని పట్టుకుని ఇద్దరం పోటీలు నడిపే వకీలు గారింటికి వెళ్ళాం. ఆయన ఒడియా మనిషే గాని తెలుగు మాలా మాట్లాడేవాడు. చదివి, పక్కనున్నవాళ్ళకు వినిపించి, అందరూ నవ్వాక అన్నాడు.

"వల వేరు, ఆట వేరు మౌసా."

"వల కాడ ఆకలుంటాది బాబూ. ఆట కాడ ఉండదేటి?" అన్నాడు మావ.

నవ్వు ఆగింది. వకీలు గారు లోపలికి కేకేసి మాకు టీ ఇప్పించారు. మెట్లు దిగాక నేను ఏడుపు మొహంతో ఉంటే, "టీ బాగుందిరా, అల్లం ఏసినారు" అన్నాడు మావ.

ఇక్కడ మా ఊరి ఇంకో కట్టు చెప్పాలి, లేకపోతే నేను చేసిన పని మీకు అర్థం కాదు. తాడు దగ్గర ఎవడి జాగా వాడిది. రంగూనుకో కలకత్తాకో పనికి వెళ్ళేవాడు, వెళ్ళే రోజు పొద్దున్న వచ్చి, తాడు పట్టుకుని, దాన్ని ఇంకొకడి చేతిలో పెట్టి "ఇది నీది" అనాలి. అప్పుడు వాడి జాగా నిండుతుంది. అలా అప్పగించకుండా పోయినవాడి జాగాలో ఎవరూ చెయ్యి పెట్టరు. వాడు వచ్చి అప్పగించాలి, లేదా వాడు చనిపోయాడని కబురు రావాలి. ఊరికే ఆ జాగా నింపేస్తే, బతికున్నవాణ్ణి చచ్చినవాళ్ళలో కలిపినట్టు.

మావ ఇదే కట్టు బంతాటకూ పెట్టాడు. మాలోంచి బడా బజార్ వెళ్ళిన మొదటి ఇద్దరూ ఇసక మీదకు వచ్చి, తమ జాగాలో నిలబడి, ఇంకొకణ్ణి పిలిచి అప్పగించి వెళ్ళారు. మావ వాళ్ళను బస్సు దాకా సాగనంపాడు. చేతికి ఎండు నెత్తళ్ళ మూట కూడా ఇచ్చాడు.

మూడోవాణ్ణి నేను. సావుకారు మనిషి వచ్చి అడిగినప్పుడు సరేనన్నాను. మా నాన్న లేడు, అమ్మకు కళ్ళు మసకలు. కారణాలు చాలా ఉన్నాయి. కానీ మావకు చెప్పే ధైర్యం లేకపోయింది. అర్జీ రాసిన చెయ్యి నాదే కదా. ఒక పొద్దున్న, ఊరంతా తాడు లాగుతున్న వేళ, మావ సముద్రం వైపు తిరిగి పదం చెబుతున్నాడు. ఆయన వీపు చూశాను. గుడ్డల మూట పట్టుకుని ఇసక దిబ్బ వెనకగా నడిచి వెళ్ళిపోయాను. పదం చాలాసేపు నా వెంట వచ్చింది.

మరుసటేడు పోటీల్లో రామయ్యపట్నం పదిమందితో దిగింది. ఎడం పక్క ఎవరూ లేరు. "ఆఉ జణే కాహిఁ?" అని చుట్టూ జనం అరిచారు. ఇంకొకడేడీ, ఇంకొకడేడీ అని ఒకటే నవ్వు. పదకొండోవాడు గీత బయట కూర్చునే ఉన్నాడు, మావ దింపలేదు. మా బడా బజార్ జట్టువాళ్ళు ఆ ఖాళీ వెంట బజారులో నడిచినట్టు నడిచి వెళ్ళి గోల్స్ వేశారు. నేను బడా బజార్ చొక్కా వేసుకుని మైదానానికి ఇవతలి పక్క నిలబడి దాన్ని చూస్తున్నాను. ఆ తర్వాత ఏడూ అంతే. ఆ పై పదేళ్ళూ అంతే.

నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను బరంపురం నడిబజారులో నిలబెట్టి సిగ్గు తీస్తున్నాడనుకున్నాను. ఒకసారి ఆట అయ్యాక వెళ్ళి అడిగేశాను.

"మావా, ఎవణ్ణో ఒకణ్ణి పెట్టొచ్చు కదా అక్కడ?"

"పెట్టొచ్చు. నువ్వు సెప్పు" అన్నాడు.

వెటకారమనుకుని వెనక్కి తిరిగి వచ్చేశాను. ఎంత తెలివితక్కువవాణ్ణో చూడండి. ఆయన ఉన్న మాట చెప్పాడు. అప్పగించాల్సిన నోరు నాదే.

ఇంతా చేసి ఆయన నా మీద అలగలేదు. బరంపురం వచ్చినప్పుడల్లా కొట్టు మెట్ల మీద కూర్చునేవాడు. కూడు తిన్నావేటి, మీయమ్మకి సూపెలాగుంది, ఈ పట్టు పంచి ఎంత, ఎవులు కడతారిది, అని అడిగేవాడు. చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవాడు, వాటికి అంటిన ఇసక కొట్టులో రాలుతుందని. ఆయన తిడతాడేమోనని నేను ఎదురుచూశాను. నేను అప్పగిస్తానేమోనని ఆయన ఎదురుచూశాడు. మధ్యలో ఇద్దరం పంచెల ధరలు మాట్లాడుకున్నాం.

పదకొండో రోజు కర్మకు వెళ్ళాను. అంతా అయ్యాక అత్త నా పక్కకు వచ్చి కూర్చుంది.

"జొరంలో ఒకటే మాట బాబూ. 'ఆడు ఎవులికిచ్చినాడే, ఎవులికిచ్చినాడే' అని. నువ్వు ఎవులికి ఏటిచ్చినావు? డబ్బులేటైనానా?"

"ఏమీ ఇవ్వలేదత్తా" అన్నాను. ఆ మాట అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ నా వీపు నిమిరింది, మావ కోసం ఏడుస్తున్నాననుకుని.

మర్నాడు ఇసక మీదకు వెళ్ళాను. జట్టు కుర్రాళ్ళు ఆడుతున్నారు. నా జాగా ఇవాళ అప్పగిస్తాను, ఎవరు తీసుకుంటారని అడిగాను. వాళ్ళు బంతి ఆపారు. అందరిలో పెద్దవాడు అన్నాడు.

"ఎవులికిస్తావు బావా? ఎడం పక్క ఆడడం మాకెవులికీ రాదు. మేం సూడనేదు కూడాను."

నేను పోయినప్పుడు వీళ్ళు బొమ్మ పడవలు ఆడుకునే వయసువాళ్ళు. చూడలేదంటే నిజమే.

అలా అయితే ఈ ఏడు నేనే ఆడతానన్నాను. సావుకారుకు చెబితే లెక్క పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "ఆడు. సోమవారం కొట్టుకు రావాలో వద్దో ఆట చూసి చెబుతాను" అన్నాడు. మొదటి ఆటే బడా బజార్‌తో పడింది.

నిన్న ఆదివారం ఆ ఆట ఆడాం. మబ్బు పట్టిన మధ్యాహ్నం, చినుకు రాలేదు. మావాళ్ళు పదకొండు మందీ వరసగా నిలబడితే జనం వేలు చూపి లెక్కపెట్టారు. నేను వెళ్ళి ఎడం గీత పక్కన నిలబడ్డాను. కాళ్ళకు బూట్లు లేవు. నేల చల్లగా, తడి ఇసకలాగే ఉంది.

బంతి మా కుర్రాళ్ళకు అందింది. వాళ్ళు కుడికి తిరిగారు. మళ్ళీ అందింది. మళ్ళీ కుడికే. నేను పిలిచాను, ముందుకు పరిగెత్తాను, వెనక్కి వచ్చాను. తప్పు వాళ్ళది కాదు. ఆట నేర్చుకున్న రోజు నుంచీ ఆ పక్క ఎవరూ ఉండరని తెలిసి ఆడినవాళ్ళు. అటు తల తిప్పడమే వాళ్ళకు అలవాటు లేదు. పొద్దు వాలేదాకా బంతి ఒక్కసారి కూడా నా దగ్గరకు రాలేదు. నేను మాత్రం ఆ జాగాలో, ఆ చివర నుంచి ఈ చివరకు, చెయ్యెత్తి పరిగెడుతూనే ఉన్నాను.