నిప్పంటని పలక

హిందూపురం వడ్రంగి జయరాముడికి ముక్కు మీద కోపం. సుత్తి జారి వేలికి తగిలితే సుత్తినే తిడతాడు. అబద్ధం మాత్రం ఆడడు. ఆ నమ్మకం మీదే, చెక్కపొట్టూ ప్లాస్టిక్కూ కలిపి చేసిన పలకలు ఆయన చేతి మీదుగా చాలా ఇళ్లకు చేరాయి. కొనేవాళ్ల ముందు ఒక ముక్కకు లైటర్ పెట్టి చూపేవాడు. నల్లబడేదే కానీ అంటుకునేది కాదు.

పెనుకొండలో దోసెల కొట్టు నడిపే మంజులకు, ఆరుబయట పొయ్యి పక్కన మూడేళ్ల కిందట అవే పలకలు అడ్డుగా బిగించాడు. మొన్న ఆమె ఫోన్ చేసింది. నిప్పురవ్వ పడి పలక అంటుకుందట.

"నా పలక అంటుకునేదేంది? నీ నూనెగుడ్డ అంటుకునింటాది!" అని కేకలేశాడు.

మర్నాడు ధర్మవరంలో మారుతి మగ్గాల షెడ్డుకు పలకలు బిగించే పని ఉంది. దారిలో మంజుల సంగతి తేలుద్దామని ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న నన్నూ సామాను ఆటో ఎక్కించాడు.

దోసెలు తినేవాళ్లందరి ముందూ లైటర్ తీశాడు. "చూడండప్పా, ఎవురిది అబద్ధమో!"

పడమటెండకు తెల్లబారిన పలక అది. అంచు భగ్గుమంది. ఆయన మీసం సగం పోయింది. నేను కంగారులో చేతికందిన గిన్నె ఎత్తి పోశాను. అది సాంబారు.

"ఇప్పుడేమంటావన్నా?" అంది మంజుల.

"దీన్నేం చేసినావమ్మా?"

"ఏం చేస్తా? పొయ్యికాడ లక్ష్మి ఉంటాదని ప్రతి శుక్రారం పసుపు పెట్టేముందు కడుగుతాండా. ఉప్పు మాదిరి తెల్లగా పొడి పైకొస్తాంటే పీచుతో రుద్దినా. తప్పా?"

జయరాముడు పలకలమ్మిన ఏజెంటుకు ఫోన్ కొట్టాడు. అవతలివాడు చల్లగా చెప్పాడు. "మంటనాపే మందే ఆ పొడన్నా. ఎండకు పైన పగులుతాది, వానకు మందు కారిపోతాది. ఇంటి లోపలే వాడాలని కంపెనీ పుస్తకంలో రాసినారే!"

"పుస్తకం నీ దగ్గర పెట్టుకుని లైటర్ నా చేతికిచ్చినావా!"

కొట్టు లోపల కూడా అప్పుడు బిగించిన పలక ఒకటి నీడలో ఉంటే, దానికి మళ్లీ లైటర్ పెట్టాడు. అంటుకోలేదు. ఏజెంటు చెప్పిందే నిజమని తేలి కోపం రెట్టింపయింది. బయటి పలకలన్నీ తనే పీకి, రేకు బిగించాడు.

ధర్మవరం చేరేసరికి మారుతి ఎదురొచ్చాడు.

"పలకలు దించేది లేదప్పా. ఇటుక గోడ కట్టించుకో," అన్నాడు జయరాముడు.

"అదేంది? నా కండ్ల ముందరే కాల్చి చూపిస్తివి కదా!"

"కొత్తది అంటుకోదు. నీ షెడ్డుకు నాలుగు దిక్కులా ఎండే. లోపల పట్టుండాది, మనుషులుండారు."

"ఇటుక గోడకు వడ్రంగెందుకు? నీ పని పోతాది కదప్పా!"

"పోనీ! నిన్నడిగినానా?" అని పాపం మారుతి మీదే విరుచుకుపడి, ఆటో వెనక్కి తిప్పించాడు.

దారి పొడుగునా తిట్టుకుంటూ, ఇదివరకు ఆరుబయట పలకలు బిగించిన ఇళ్ల పేర్లు నాతో రాయించాడు. తొమ్మిదోది రొద్దంలో ఆయన చెల్లెలు భాగ్య ఇల్లు.

"దాన్ని అడుగున రాస్తాండావేంది? మొదట రాయి!" అని నా మీద అరిచాడు.