పక్కకు జరిపిన బిళ్ళ

బరంపురంలో మా వీధి పట్టుచీరల షావుకారుకు ఒక అలవాటుండేది. కొత్తగా వచ్చినవాళ్ళకు చోటివ్వమని దుకాణంలో పరుపు మీద ఎవరినైనా జరగమంటే, ఆ వచ్చినవాళ్ళు వెళ్ళగానే "అమ్మా, మీ సోటుకి మీరొచ్చీయండి" అని పిలిచి, ఆ తర్వాతే ఇంకో చీర విప్పేవారు.

ఆయనకు గోల్ఫ్ పిచ్చి. ఆ ఏడు ఊళ్ళో పోటీ కప్పు తనదేనని, గల్లాపెట్టె వెనక అరలో చీరలు తీసేసి చోటు కూడా సిద్ధం చేశారు. నేనూ గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని ఆ ఆట నిబంధనలన్నీ చదివి, ఫైనల్ చూడడానికి వెళ్ళాను.

చివరి గుంట గెలిచినవాళ్ళదే కప్పు. ప్రత్యర్థి డాక్టరుగారు తన బంతి వెనక రూపాయి బిళ్ళ గుర్తు పెట్టి, బంతి తీశారు. బిళ్ళ దారికి అడ్డంగా ఉందని షావుకారు అడిగితే దాన్ని పక్కకు జరిపారు. షావుకారు కొట్టిన బంతి గుంట అంచునే ఆగిపోయింది. డాక్టరుగారు బిళ్ళను మళ్ళీ మొదటి చోటికి జరపడం మరిచి, పక్కకు జరిపిన చోటే బంతి పెట్టారు. నిబంధన ప్రకారం, తప్పు చోటు నుంచి కొడితే ఆ గుంట ఆయన ఓడినట్టే.

"ఆగండి డాక్టరు బాబూ! బిళ్ళ ఎనక్కి జరపలేదు" అన్నారు షావుకారు.

డాక్టరుగారు సరిచేసుకుని కొట్టారు. బంతి గుంటలో పడింది. కప్పు ఆయనదైంది.

"ఏటండి ఇది! ఊరుకుంటే కప్పు మీదే కదా!" అన్నాను ఉండబట్టలేక.

"జరపమన్నది నేనే కదేటి? ఎలా ఊరుకుంతాను?" అన్నారు, కప్పు వైపే చూస్తూ.

మర్నాడు దుకాణానికి వెళితే, ఖాళీ అరలో చీరలు సర్దుతున్నారు.

"ఈటినీ నేనే కదా జరిపేను" అని నవ్వారు.