డాక్టరమ్మ గారి మధ్యాహ్నపు పంక్తి

మొన్న నారాయణగూడలో జాకెట్టు కుట్టించుకుందామని వెళ్తే, టైలరమ్మ మెడలోంచి టేపు తీసి నా భుజం మీద పెట్టింది. టేపు కొసన ఉన్న ఇత్తడి రేకు చల్లగా మెడకు తగిలింది. ఆవిడ చేతుల పొడుగు ఎంత పెట్టమంటారని అడుగుతోంది, నా ధ్యాస ఎక్కడికో పోయింది. అలాంటి టేపే ఒకటి తొంభైల్లో నా పొట్ట మీద అంతే చల్లగా తగిలేది. దాన్ని పట్టుకున్న చెయ్యి డాక్టర్ వసుంధర గారిది. ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆవిణ్ణి చూడనివాళ్ళకు ఆవిడ గురించి చెప్పాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను.

చిక్కడపల్లి మార్కెట్టుకు కాస్త ఇవతల, ఒక సందులో ఉండేది ఆవిడ కాన్పుల ఆసుపత్రి. కింద రెండు గదులు, వెనక ఒక వరండా, పైన నాలుగు మంచాలు. వసుంధర గారిది తాతల కాలం నుంచి హైదరాబాదులోనే ఉన్న కుటుంబం. మనిషి ఎత్తు, గొంతు అంతకన్నా ఎత్తు. "ఏందమ్మా, రెండు నెలలైంది, యాడికి పోయినవ్? కడుపు నీదా, నాదా?" అని ఆవిడ లోపలి గదిలో అంటే బయట బల్ల మీద కూర్చున్న మేమందరం సర్దుకుని కూర్చునేవాళ్ళం. ఆవిడ నోటికి జడిసి ఆవిణ్ణి వదిలిపెట్టిన పేషెంటు మాత్రం లేదు. వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ సంగతీ తెలిసిపోయి, దానికి వేరే తిట్లు పడతాయని భయం.

నేను బాగా పొట్టిదాన్ని. పెళ్ళిచూపుల్లో నన్ను చివరిదాకా లేవనివ్వలేదని మావారు ఇప్పటికీ ఏడిపిస్తారు. పెళ్ళినాటికి ఒంట్లో కండ కూడా అంతంత మాత్రమే. మా అమ్మ నా చిన్నప్పుడే పోవడంతో తొలికాన్పు పుట్టింట్లో అన్న ఆనవాయితీ నాకు కుదరలేదు. అశోక్ నగర్‌లో మేముండే అద్దె ఇంట్లోనే మా అత్తయ్య కొంగు బిగించింది. "అమ్మనూ నేనే, అత్తనూ నేనే. నీకేం భయం లేదు," అంది. తెనాలి దగ్గర పల్లెటూరి నుంచి మామయ్యగారి ఉద్యోగంతో ఈ ఊరు వచ్చి ఎన్నేళ్ళయినా ఆవిడ మాటా మారలేదు, చేతి వంటా మారలేదు.

ఏడో నెల దాటగానే నా కంచంలో అన్నం తగ్గింది. మొదట అత్తయ్య నెయ్యి మానిపించింది, తర్వాత పెరుగు మజ్జిగయింది, రాత్రిపూట అన్నం పోయి రెండు ఇడ్లీలు వచ్చాయి. రక్తం పట్టడానికి డాక్టరు రాసిన మాత్రలు పై అరలో పచ్చడి జాడీల వెనక్కి వెళ్ళాయి. ఆ అర నాకు అందదని ఆవిడకు తెలుసు. ఆ మాత్రలు వేసుకుంటే బిడ్డ లావవుతుందని, పైగా నల్లగా పుడుతుందని ఎవరో చెప్పారట. "నువ్వసలే చిన్న మనిషివి. బిడ్డ చిన్నగా ఉంటే సులువుగా బయట పడతావు. రెండు నెలలు ఓర్చుకోవే తల్లీ," అని గడ్డం పట్టుకుని బతిమాలేది. ఇందులో దుర్మార్గం వెతికినా దొరకదు. నా కాళ్ళకు నూనె రాసేది ఆవిడే, ఆకలికి నిద్ర పట్టక నేను దొర్లుతుంటే పక్కన కూర్చుని వీపు నిమిరేదీ ఆవిడే. ఆ చెయ్యి అంత మెత్తగా ఉంటే ఎదురు ఎలా చెప్పను?

ఎనిమిదో నెల పరీక్షకు ఇద్దరం నడుచుకుంటూ వెళ్ళాం. వసుంధర గారు టేపు పెట్టి పొట్ట కొలిచారు. మళ్ళీ కొలిచారు. నా కింది కనురెప్ప లాగి చూశారు. బరువు చూసే మెషీను ఎక్కమన్నారు. పోయిన నెల ఎంత ఉన్నానో అంతే ఉన్నాను.

"ఏం తింటున్నవ్ బిడ్డా?"

నేను అత్తయ్య వైపు చూశాను. అత్తయ్య గోడకున్న క్యాలెండరు వైపు చూసింది. అంతే, డాక్టరమ్మకు అర్థమైపోయింది. ఇక పిడుగులు పడతాయని నేను కళ్ళు మూసుకున్నాను. వసుంధర గారు అరవలేదు. టేపు చుట్ట చుడుతూ, "అక్కా, బిడ్డ పెరుగుతలేదు. ఇట్లనే ఉంటే లోపలనే పరేషాన్ అయితది. రేపటి నుంచి నీ కోడలికి మధ్యాహ్నం అన్నం ఇక్కడికే తీస్కరా. నేను కూడ మీతోనే తింట," అన్నారు.

అది ఆవిడ పద్ధతి అని తర్వాత తెలిసింది. ఒంట్లో సత్తువ లేని గర్భిణులనూ, వాళ్ళ వెంట వచ్చిన తల్లులనూ అత్తలనూ ఓపీ అయ్యాక వెనక వరండాలో చాప మీద కూర్చోబెట్టి వాళ్ళతోపాటు తినేవారు. తిండి గురించి ఉపన్యాసం ఉండేది కాదు. ఎవరి గిన్నెలో ఏముందో అందరికీ కనబడేది, అంతే. మొదటి రోజు అత్తయ్య తెచ్చిన క్యారియరులో గుప్పెడు అన్నం, చారు, కాస్త బీరకాయ కూర. వసుంధర గారు తన డబ్బా విప్పి జొన్నరొట్టె సగం తుంచి, పాలకూర పప్పు మీద పోసి నా కంచంలో పెట్టారు. మిగతా సగం తను తిన్నారు. "అక్కా, చారు మస్తుగుంది. జర నాక్కూడ పొయ్యి," అని చెయ్యి చాపారు. అత్తయ్య పోసింది గాని మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. నేను రొట్టె తుంచిన ప్రతిసారీ ఆవిడ కళ్ళు నా చేతి వెంటే నోటిదాకా వచ్చేవి.

కొన్నాళ్ళు అలా గడిచాయి. ఒకరోజు వసుంధర గారు నా కంచంలో మారు పప్పు వెయ్యబోతుంటే అత్తయ్య ఆవిడ చెయ్యి పట్టేసుకుంది.

"వద్దు డాక్టరమ్మా. మీకు దణ్ణం పెడతాను. మా చెల్లెలికి నేనే పెట్టాను. తొలిచూలు అని, ముచ్చటపడి, కొసరి కొసరి నేనే పెట్టాను. కడుపులోనే పిల్లాడు ఇంతవాడయ్యాడు. రాలేక వాడూ పోయాడు, అదీ పోయింది."

నాకు పెళ్ళయి రెండేళ్ళు దాటినా అత్తయ్యకు ఒక చెల్లెలుండేదని అప్పుడే తెలిసింది. పంక్తిలో అందరి చేతులూ ఆగిపోయాయి. వసుంధర గారు తొందరపడి ఓదార్చలేదు. ఎంగిలి చెయ్యి కంచంలోనే ఉంచి, ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టారు. ఆమెకు దప్పిక ఎక్కువుండెనా? మాటిమాటికి బయటికి పోయేదా? మీ ఇంట్లో షుగర్ ఎవరికన్నా ఉందా?

"ముంతెడు నీళ్ళు తాగి మళ్ళీ దాహం అనేది. మా నాన్నకుండేది చక్కెర జబ్బు," అంది అత్తయ్య, ఇవన్నీ ఎందుకు అడుగుతున్నారో తెలియక.

"నేను చూడలే కాబట్టి పక్కాగ చెప్పలేను అక్కా. కాని నువ్వు చెప్తున్నదాన్ని బట్టి ఆమెకు షుగర్ ఉండొచ్చు. తల్లికి షుగర్ ఉండి ఎవ్వరు చూస్కోకపోతే బిడ్డ మస్తు పెద్దగయితది. నువ్వు కొసరి పెట్టిన ముద్దకు గింత పని కాదు. అందరి కడుపులు ఒక్క తీరు ఉండవు. తల్లి ఎత్తు, కడుపు పండకముందు ఒంట్లున్న కండ, రక్తం, బీపీ, తల్లి తాను పుట్టినప్పుడు ఎంతుండె, గివన్ని కల్సి బిడ్డ సైజు అయితది. నీ కోడలికి షుగర్ లేదు, చూసిన. దీనికి ఉన్నది రక్తం తక్కువ, కండ తక్కువ. పొట్టిది గనక దారి ఇరుకుండొచ్చు. అది నేను చూస్కుంట, అవసరమైతే ఆపరేషన్ చేస్త. తిండి తగ్గిస్తే బిడ్డ తలకాయ తగ్గదక్కా, ఒంటి మీద కండ తగ్గుతది. బక్కగ పుట్టిన పిల్లను బతికిచ్చుకునుడు కాన్పు కంటె కష్టం."

ఆ సాయంత్రం అత్తయ్య పీట వేసుకుని పై అరలోంచి మాత్రలు తీసి నా చేతిలో పెట్టింది. మర్నాటి క్యారియరులో ముద్దపప్పు, నెయ్యి, తోటకూర వేపుడు ఉన్నాయి. వడ్డించిన ప్రతి గరిటెకూ ఆవిడ డాక్టరమ్మ మొహం వైపు చూసింది. ఆ భయంతోనే రోజూ వడ్డించింది. ధైర్యం వచ్చాక పెట్టడం వేరు. భయపడుతూనే పెట్టడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలియలేదు.

నొప్పులు తెల్లవారుజామున మొదలయ్యాయి. మధ్యాహ్నం దాటినా బిడ్డ కిందికి దిగలేదు. వసుంధర గారు బయటికి వెళ్ళి ఆపరేషన్ చెయ్యాలని చెప్పినప్పుడు అత్తయ్య అక్కడే నేల మీద కూలబడిందని మావారు తర్వాత చెప్పారు. "మళ్ళీ నేనే పెట్టాను, మళ్ళీ నేనే పెట్టాను," అని ఒకటే మాటట.

పాప పుట్టింది. తూకం వేస్తే రెండుంబావు కిలోలు. వసుంధర గారు గుడ్డలో చుట్టిన పాపను ముందు నాకు చూపించి, తిన్నగా వరండాలోకి తీసుకెళ్ళి, నేల మీద కూర్చున్న అత్తయ్య ఒళ్ళోనే పెట్టారు.

"చూడక్కా, ఎంతుందో. ఇంత చిన్నదే. అయినా ఆ దారిల రాలే. తల ఇరికింది. నువ్వు ఇంకింత మాడ్చినా ఇరికేదే. నెల నుంచి నువ్వు పెట్టినవ్ గనకనే నొప్పులు ఓర్చుకున్నది, ఏడుస్తున్నది. విను."

పాప నిజంగానే మంచి గొంతుతో ఏడుస్తోంది. అత్తయ్య ఆ ఏడుపు వింటూ తనూ ఏడ్చింది. చెల్లెలు పోయిన నాటి ఏడుపు కూడా అందులో కలిసే ఉంటుంది.

ఇంటికి వెళ్ళే రోజున మందులవీ సర్దుకుంటుంటే అత్తయ్య మెల్లగా వసుంధర గారి దగ్గరికి వెళ్ళింది.

"డాక్టరమ్మా, అప్పుడు మా ఊళ్ళో మీలాంటివాళ్ళుంటే మా చెల్లెలు బతికేదా?"

ఆ ప్రశ్నకు ఏ జవాబూ మంచిది కాదనిపించింది నాకు. బతికేదంటే ఎంత నష్టపోయారో కొత్తగా తెలుస్తుంది. బతికేది కాదంటే అది ఉత్త అబద్ధం.

వసుంధర గారు అత్తయ్య చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. "బతికేదేమో అక్కా," అన్నారు.

అత్తయ్య తల ఊపింది. నేను అనుకున్నట్టు కుప్పకూలలేదు. ఆటో ఎక్కాక పాప మొహం మీద ఎండ పడకుండా కొంగు అడ్డం పెడుతూ, "మా చెల్లెలి పేరు సరస్వతి. పెసరట్లంటే ప్రాణం దానికి," అని మొదలుపెట్టింది. ఇల్లు చేరేదాకా చెల్లెలి కబుర్లు ఆపలేదు.

వసుంధర గారు నాకు నేర్పింది వైద్యం కాదు. ఎవరైనా "అంతా నా వల్లే" అని నా ముందు ఏడిస్తే, "నీ వల్ల కాదులే, ఊరుకో," అన్న మాట ఇప్పటికీ నా నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేస్తాను. పక్కన కూర్చుని, అసలేం జరిగిందో మొదటినుంచి చెప్పమంటాను. చెప్పడం అయ్యేదాకా లేవను.