బాపు పట్టిచ్చిన జెల్లలు

నల్లగొండలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు ప్రాజెక్టు కోసం మా ఊరి చెరువునే ఎంచుకున్నాను. పట్నం మురుగు కలిసిన నీళ్లు కాలువ గుండా ఆ చెరువులోకే వస్తాయి. అడుగు బురదలో సీసం, కాడ్మియం ఎంత చేరాయో చూడాలి. బురద తీస్తే తీసినచోటి సంగతే తెలుస్తుందని, అడుగునే తిరుగుతూ అక్కడి పురుగులు తినే చేపను చూస్తే చెరువంతటి సంగతీ తెలుస్తుందని మా సారు చెప్పారు.

మా నాన్న, బాపు అంటాం, ఆ చెరువులోనే చేపలు పట్టేవాడు. అడగగానే మురిసిపోయాడు.

"గింత సదువు సదివి మళ్ల నా వలకాడికే వచ్చినవా బిడ్డా!"

అడుగున తిరిగే జెల్ల చేపలు పన్నెండు ఏరి ఐసు డబ్బాలో పెట్టిచ్చాడు. మిగిలినవి అమ్మ పులుసు పెట్టింది. అప్పుడు మా వదినకు ఆరో నెల. చేపల పులుసుంటే ఆమెకు ఇంకేమీ అక్కర్లేదు.

ల్యాబులో కోస్తుంటే నాలుగో చేప కార్జం, అంటే కాలేయం, నల్లగా, పట్టుకుంటే చిట్లిపోయేలా ఉంది. ఐదోదీ అంతే. సారును పిలిచి చూపించాను.

"రంగు చూసి ఏమీ చెప్పలేం, రిపోర్టు రానీ" అన్నారు సారు.

కండ, కార్జం, మొప్పలు విడివిడిగా ఎండబెట్టి, బురదతో పాటు హైదరాబాదు పంపాం. రిపోర్టుకు మూడు వారాలు పట్టింది. ఈలోగా ఓ ఆదివారం ఇంటికి వెళ్తే వదిన ముందు మళ్లీ పులుసు గిన్నె. వద్దనడానికి ఆధారం లేదు, ఊరుకోవడానికి మనసొప్పలేదు.

"కడుపుతోని ఉన్నోళ్లకు చాపలు వేడి చేస్తయట" అని అబద్ధమాడాను.

"ఎవలు చెప్పిండ్రు? అత్తమ్మనే తినుమంటాంది" అని నవ్వి వదిన ఇంకో ముక్క వేసుకుంది.

రిపోర్టు ప్రకారం కండలో సీసం తినదగ్గ హద్దుకు కొంచెం లోపలే ఉంది. కార్జంలో, మొప్పల్లో సీసం చాలా ఎక్కువ. బురదలో ఇంకా ఎక్కువ. సీసం కడుపులోని బిడ్డ మెదడును దెబ్బతీస్తుందని, గర్భిణి తినకపోవడమే మంచిదని అన్నారు సారు.

ఇంట్లో చెప్పాను. అమ్మ పొయ్యి మీది గిన్నె దింపింది. వదిన రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, "ఇన్ని నెలల సంది తిన్న గదా, మరెట్ల?" అంది.

బాపు వల పక్కన పెట్టి అడిగాడు. "గా మిషిన్ల నా నెత్తురు గూడ సూడొస్తదా?"

"గది చాపలకే బాపు" అన్నాను. దవాఖానలో చూపించుకోవచ్చని చెప్పే ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత బాపు ఇంటికి చేప తేలేదు. చెరువుకు పోవడం మాత్రం మానలేదు. కొనేవాళ్లకు "కార్జం పారేయుండ్రి" అని చెప్పేవాడు. ఎందుకని అడిగితే తలవంచుకునేవాడు.

వదినకు ఆడపిల్ల పుట్టింది. బరువు బాగుందని డాక్టరమ్మ చెప్పినా ఆ చిన్ని వేళ్లను రెండుసార్లు లెక్కపెట్టాను. ఇప్పుడు రెండో తరగతి. మొన్న వదిన ఫోన్ చేసి, పిల్ల ఎక్కాలు మర్చిపోతోందని నవ్వుతూ చెప్పింది. ఆ వయసులో అందరూ మర్చిపోతారన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ పాత రిపోర్టు వెతికి తీసి, సీసం అంకెలు మళ్లీ చూశాను.